నీటి చుక్క ఫోటో: నా ప్రయత్నం, దాని వెనుక చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అనుకునేవాణ్ణి. ఒక నీటి చుక్కకు కూడా చరిత్ర ఉందని పోయిన దీపావళి సెలవుల్లో తెలిసింది. మా పెద్దబాపు కొడుకు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఆ అన్న తన పాత కెమెరా, ఫ్లాష్ నాకు వారం రోజులు ఇచ్చాడు. చుక్క నీళ్లలో పడినప్పుడు లేచే కిరీటం లాంటి ఆకారాన్ని పట్టాలని నా కోరిక.

పాలిథిన్ కవరులో నీళ్లు పోసి, సూదితో పొడిచి, మేకుకు వేలాడదీశాను. కింద పరాత్ పెట్టాను. మొదటి రోజు ఒక్క ఫోటో కూడా రాలేదు, అన్నీ తెల్లటి గీతలే. అన్నను అడిగితే లెక్క చేసి చూడమన్నాడు. అర మీటరు ఎత్తు నుంచి పడిన చుక్క కింద చేరేసరికి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగం అందుకుంటుంది. సెకనులో 60వ వంతు సేపు కెమెరా కన్ను తెరిచి ఉంచితే, అంతలోనే అది 5 సెంటీమీటర్లు జారిపోతుంది. గీత గాక ఏమొస్తది మరి!

పాతకాలం వాళ్లకూ ఇదే బాధ. మా నాందేడ్ అప్పుడు నిజాం రాజ్యంలోది. ఆ కొలువులో లాలా దీన్‌దయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1894లో ఆరో నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చారు. కోటలు, దర్బార్లు ఆయన గాజు పలకల మీద ఎంతో చక్కగా వచ్చాయి. అవి కదలవు కదా. చుక్క ఆగదు.

సరిగ్గా అదే 1894లో ఇంగ్లండులో ఆర్థర్ వర్తింగ్టన్ అనే శాస్త్రవేత్త చుక్కను ఫోటోలో ఆపాడు. అంతకు దాదాపు 20 ఏళ్ల ముందు, రగ్బీ బడిలో చదివే ఒక విద్యార్థి పొగ పట్టిన గాజు మీద చుక్కలు చేసిన గుర్తులు గమనించాడట. ఆయన పనికి అదే మొదలు. మా వయసు పిల్లవాడే అని చదివి నాకు భలే సంతోషమైంది. వర్తింగ్టన్ చీకటి గదిలో చుక్కను పడేసి, ఒక విద్యుత్ మెరుపు వెలుగులో చూసి, కంటికి కనిపించింది బొమ్మ గీసేవాడు. తర్వాత మెరుపును కాస్త ఆలస్యం చేసి ఇంకో చుక్క, ఇంకో బొమ్మ. అన్నీ అందంగా, నాలుగు వైపులా సమానంగా గీశాడు. ఆఖరికి సెకనులో పది లక్షల వంతుల్లో మూడు వంతులు కూడా ఉండని మెరుపుతో ఫోటో తీస్తే, చుక్కలు వంకర టింకరగా ఉన్నాయి! కన్ను చూసింది వేరు, మనసు సరిదిద్దింది వేరు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు.

అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల నుంచీ ఫ్లాష్ దీపాలతో పాల చుక్కలను తీస్తూ, 1957లో ఎర్రటి నేపథ్యం మీద ఆ ప్రసిద్ధమైన పాల కిరీటం ఫోటో తీశాడు. 20 ఏళ్లకు పైగా ఒకే పని!

నేనూ ఆ దారే పట్టాను. వంటింట్లో దీపం ఆర్పి, కెమెరా కన్ను సెకను సేపు తెరిచి, చుక్క పడగానే ఫ్లాష్‌ను అన్నిటికన్నా తక్కువ బలంతో వెలిగించాలి. తక్కువ బలం ఉంటే మెరుపు కూడా చిన్నది, చుక్కను ఆపేది అదే. చుక్క పడే చోట పెన్సిల్ నిలబెట్టి ఫోకస్ చేసి, తర్వాత తీసేశాను. నీళ్లలో రెండు చెంచాల పాలు కలిపితే కిరీటం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడే అవ్వ పట్టుకుంది.

"అరే, పాలు నీళ్లల్ల కలుపుతున్నవేందిరా? గంగ పక్కన ఉన్నా నల్లా నీళ్లకు ఎండకాలం ఎంత గోస పడ్తమో ఎరికేనా?"

"పారబోయనవ్వా, చెట్టుకే పోస్త" అని బతిమాలాను.

140 ఫోటోల్లో ఆరు నిలిచాయి. అందులో ఒక్కటే కిరీటం, అదీ ఒక వైపు చిరిగినట్టు. మొబైల్‌లో సరిచేసి గుండ్రంగా చేద్దామన్నాడు అన్న. ప్రదర్శనకు బాగుంటుందని నాకూ ఆశ పుట్టింది.

అప్పుడే ఒక మాట గుర్తొచ్చి సిగ్గేసింది. పోయినేడు ఇదే పత్రికలో మా తాత ఉస్మాన్‌షాహీ మిల్లులో పనికి తెలంగాణ నుంచి వచ్చిన కథ రాశాను. వచ్చాడు, కష్టపడ్డాడు, స్థిరపడ్డాడు అని. నిజానికి తాత మనసు పట్టక రెండుసార్లు ఊరికి వెళ్లిపోయాడు. మూడోసారి అవ్వ వెంట వచ్చి నిలబెట్టింది. అవ్వ చెప్పింది, నేను విన్నాను, కథ చక్కగా ఉండాలని వదిలేశాను.

చిరిగిన కిరీటాన్నే ప్రింటు తీయించాను. అవ్వ చేతిలో పెడితే కండ్లద్దాలు సర్దుకొని చాలాసేపు చూసింది.

"ఈ పక్క ఎందుకట్ల విరిగింది?"

"అట్లనే పడ్డదవ్వా."

"మరి రెండోసారి తాత ఎల్లిపోయింది చెప్పిన్నా నీకు? అప్పుడు మీ బాపు కడుపుల ఉన్నడు" అంటూ మొదలుపెట్టింది. ఈసారి నోటుబుక్కు తెచ్చుకొని కూర్చున్నాను.