గోడకెక్కిన గొంతు

సంక్రాంతికి ముందు మా వడ్డాది ఇంటి హాలులో గోడలకు నాలుగు స్పీకర్లు బిగించుకున్నాను. ఒక్కొక్కటి 8 ఓమ్‌లు. యాంప్లిఫయరు మీద వాట్ల సంఖ్య ఘనంగానే ఉన్నది కదా అన్న ధీమాతో నాలుగింటినీ సమాంతరంగా ఒకే చోట కలిపేశాను. అరగంటలో పెట్టె చేయి పెట్టలేనంత వేడెక్కి మూగబోయింది. మా రామకోవెల ఉత్సవాలకు ఏళ్ల తరబడి మైకు సెట్టు కట్టిన ఒక పెద్దాయనను పిలిచాను. ఆయన వాట్ల సంగతి అడగలేదు.

"మొత్తం ఓమ్‌లెంత బాబూ?" అన్నారు.

ఆ ప్రశ్న వెనుక దాదాపు నూరేళ్ల చరిత్ర ఉన్నది.

1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు అయస్కాంతం నడుమ కదిలే తీగచుట్టకు కాగితపు శంకువును తగిలించి చూపిన స్పీకరే నేటి స్పీకర్లలో అధిక భాగానికి మూలపురుషుడు. ఆ చుట్ట ఇంపిడెన్సు కొద్ది ఓమ్‌లు మాత్రమే. దానిని నడపవలసిన వాల్వులకేమో వేల ఓమ్‌ల భారం కావాలి. ఈ ఇద్దరికీ పొత్తు కుదిర్చినది ట్రాన్స్‌ఫార్మరు. వాల్వు యాంప్లిఫయర్ల వెనుక 4, 8, 16 అని వేరువేరు కొనలుండేవి అందుకే. స్పీకరు ఓమ్‌లకు సరిపడే కొనకే తీగ కట్టాలి. 'మ్యాచింగు' అన్న మాటకు అప్పట్లో అర్థం అదే.

1963లో విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రేడియో కొన్నవారికి ఈ చిక్కు లేదు. స్పీకరు, యాంప్లిఫయరు రెండింటినీ తయారీదారే ఒకే పెట్టెలో జత చేసి ఇచ్చేవాడు. చిక్కంతా కోవెల గోడలకు, స్తంభాలకు బాకాలు కట్టే మైకు సెట్టువారిది. 40 వాట్లను 8 ఓమ్‌ల బాకాకు దూరం పంపితే తీగలో 2.2 ఆంపియర్లకు పైగా పారుతుంది. రానుపోను తీగ నిరోధం 4 ఓమ్‌లైతే మరో 20 వాట్లు దారిలోనే వేడిగా పోతాయి. అదే శక్తిని 100 వోల్టుల లైనులో పంపితే 0.4 ఆంపియరు చాలు. నష్టం ఒక వాటుకు లోపే. ప్రతి బాకా దగ్గరా చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టి ఆ వోల్టులను దించుకుంటారు. అప్పుడు బాకాల వాట్లను కూడుకుంటే లెక్క తేలిపోతుంది.

1947లో ట్రాన్సిస్టరు పుట్టింది. 1956లో హెచ్. సి. లిన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేని ట్రాన్సిస్టరు యాంప్లిఫయరును ప్రకటించాడు. మధ్యవర్తి తప్పుకున్నాడు. ఈ కొత్త యాంప్లిఫయరుకు స్పీకరుతో సమానత్వం అక్కరలేదు. తయారీదారు చెప్పిన కనీస ఓమ్‌లకు తగ్గకుండా ఉంటే చాలు. తగ్గితే ప్రవాహం పెరిగి వేడెక్కుతుంది. నా నాలుగు స్పీకర్లు సమాంతరంగా కలిసి 2 ఓమ్‌లయ్యాయి. పెట్టె వెనుక 'కనీసం 4' అని రాసే ఉన్నది. నేను చదవలేదు, అంతే.

వాట్ల మాటకొస్తే, శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. 50 వాట్లకూ 100 వాట్లకూ చెవికి తెలిసే తేడా కొద్దిపాటిదే. అంతకంటే స్పీకరు సెన్సిటివిటీ ముఖ్యం. ఒక వాటుకు, ఒక మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు, 87 ఇచ్చేదానితో పోలిస్తే సగం శక్తితోనే అంత శబ్దమూ ఇస్తుంది. పైగా గోడకు ఆనిన స్పీకరుకు మంద్రస్వరం సహజంగానే బలపడుతుంది కనుక, యాంప్లిఫయరులో బాస్ తగ్గించుకోవలసి వస్తుందే గాని పెంచవలసిన పని ఉండదు.

పెద్దాయన రెండేసి స్పీకర్లను శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కట్టారు. మొత్తం మళ్లీ 8 ఓమ్‌లు. చల్లారిన పెట్టె, లోపలి రక్షణ వలయం పుణ్యమా అని, తిరిగి పలికింది.

రేడియో కాలంలో తయారీదారు చేతిలో ఉన్న పొత్తు, విడివిడిగా కొనే ఈ రోజుల్లో మన చేతికి వచ్చింది. దాని మెళకువ మాత్రం ఇంకా కోవెల దగ్గర మైకు కట్టినవారి వేళ్లలోనే ఉన్నది. వారు ఉండగానే అడిగి నేర్చుకోవడం మంచిది.