వెన్నులో దాగిన స్ఫటికం

సూరత్‌లో మరమగ్గాల దగ్గర నిలబడి పనిచేసే తెలుగువారిని అడిగినా, కరీంనగర్‌లో బీడీలు చుట్టే స్త్రీలను అడిగినా ఎక్కువగా వినిపించే బాధ నడుంనొప్పి. చాలావరకు అది కండరాలు పట్టెయ్యడం వల్లనో, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు అరగడం వల్లనో వస్తుంది. కొద్దిమందిలో మాత్రం కారణం వేరు. కాలి బొటనవేలి జబ్బుగా పేరుపడ్డ గౌట్ వెన్నులో చేరి బాధపెడుతుంది. దీన్ని గుర్తించడానికి వైద్యశాస్త్రానికి శతాబ్దాలు పట్టింది. ఎందుకని?

గౌట్ చాలా పాత జబ్బు. క్రీ.పూ. 5వ శతాబ్దానికే గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్‌కు ఇది తెలుసు. గ్రీకులు దీన్ని ‘పొడాగ్రా’ అన్నారు. అంటే పాదాన్ని పట్టే ఉచ్చు. మన చరక సంహిత ‘వాతరక్తం’ అనే జబ్బును వర్ణించింది. ధనికుల వాతం అనే అర్థంలో దానికే ‘ఆఢ్యవాతం’ అని మరో పేరు పెట్టింది. అది మొదట చేతుల్లో, పాదాల్లో వేళ్ళూని తర్వాత ఒళ్ళంతా పాకుతుందని చెప్పింది. వాతరక్తమంతా గౌట్ కాకపోవచ్చు గాని, లక్షణాలు చాలా కలుస్తాయి. అయినా పేరులోనే పాదం ఉన్న జబ్బును వైద్యులు ఎక్కువగా పాదంలోనే వెతికారు.

అసలు దోషిని మొదట చూసింది వైద్యుడు కాదు, బట్టల వర్తకుడు. హాలండుకు చెందిన లీవెన్‌హుక్ 1679లో గౌట్ గడ్డలోని సుద్దలాంటి పదార్థాన్ని తన సూక్ష్మదర్శిని కింద పెట్టి, సూదుల్లాంటి స్ఫటికాలను చూశాడు. అవేమిటో ఆయనకు తెలియదు. 1776లో షీలే మూత్రకోశపు రాళ్ళలో యూరిక్ ఆమ్లాన్ని కనుగొన్నాడు. గౌట్ గడ్డల్లో ఉన్నదీ యూరిక్ ఆమ్లపు లవణమేనని 1797లో వొలాస్టన్ తేల్చాడు. 1848లో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో ఆ ఆమ్లం ఎక్కువగా ఉందని చూపాడు. రక్తపు సీరంలో కాస్త ఎసిటిక్ ఆమ్లం కలిపి, అందులో నారపోగు వేసి ఉంచితే పోగుమీద స్ఫటికాలు ఏర్పడేవి!

ఈ ఆమ్లం ఎక్కడిది? మన కణాల్లోని ప్యూరీన్లు విచ్ఛిన్నమైనప్పుడు తయారవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కే కలిసి 1929లో ప్రకటించిన ఎ.టి.పి.లోని ఎడినిన్ కూడా ప్యూరీనే. పంచదార పాకం చల్లారితే పటికబెల్లం గడ్డకట్టడం మీకు తెలుసు కదా! ఇదీ అంతే. 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 100 మిల్లీలీటర్ల రక్తద్రవంలో సుమారు 6.8 మిల్లీగ్రాములకు మించితే యూరేట్ స్ఫటికాలుగా మారే వీలుంటుంది. చల్లగా ఉండే కాలివేళ్ళలో ఇది మరింత సులువు. శరీరం లోపల వెచ్చగా ఉండే వెన్నులో గౌట్ ఉంటుందని ఎవరూ తేలిగ్గా అనుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

1950లో బ్రిటన్‌కు చెందిన కెర్స్‌లీ, ఆయన సహచరులు ఒక అరుదైన గౌట్ రోగిని గురించి రాశారు. అతని మెడలోని మొదటి వెన్నుపూస మెత్తబడి పక్కకు జరిగింది. వెన్ను గౌట్‌పై వచ్చిన తొలి నివేదికల్లో ఇదొకటి. ఆ తర్వాత ఇలాంటి కేసులు మరిన్ని వెలుగులోకి వచ్చాయి. ఎక్కువగా దెబ్బతినేది నడుం భాగమే.

చిక్కేమిటంటే, ఎమ్మారై చిత్రంలో ఈ గడ్డ చీముగడ్డలా, కంతిలా, వెన్ను క్షయలా కూడా కనిపించవచ్చు. జ్వరం కూడా ఉంటే అనుమానం ఇన్‌ఫెక్షన్ మీదికే పోతుంది. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో పొరపాటు పడడం సులువు. పొరపాటుకు మూల్యమూ పెద్దదే. క్షయకు వాడే పైరజినమైడ్ రక్తంలో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది! అంటే లేని జబ్బుకు ఇచ్చిన మందు ఉన్న జబ్బును రెచ్చగొడుతుందన్నమాట.

మరి రుజువెలా? 1961లో అమెరికాలో మెకార్టీ, హోలాండర్ కీళ్ళ ద్రవాన్ని ధ్రువిత కాంతిలో పరీక్షించి యూరేట్ స్ఫటికాలను గుర్తించారు. ప్రత్యేకమైన ఫలకాన్ని అమర్చి చూస్తే దాని అక్షానికి సమాంతరంగా ఉన్న సూదులు పసుపుగా, అడ్డంగా ఉన్నవి నీలంగా మెరుస్తాయి. వెన్నులోంచి సూదితో తీసిన ముక్కకూ ఇదే పరీక్ష. కాని ఒక జాగ్రత్త అవసరం. మామూలుగా వాడే ఫార్మలిన్‌లో నీరుంటుంది. అందులో ఈ స్ఫటికాలు కరిగిపోతాయి. సాక్ష్యం సీసాలోనే మాయమవుతుంది! అందుకే గౌట్ అనుమానం ఉంటే ముక్కను నీరులేని ఆల్కహాలులో భద్రపరచాలి. అంటే ముందుగా అనుమానం రావాలి. అనుమానించనివారికి రుజువూ దొరకదు.

21వ శతాబ్దంలో రెండు శక్తిస్థాయిల ఎక్స్ కిరణాలతో తీసే సి.టి. స్కాన్ వచ్చింది. ఇది యూరేట్‌ను కాల్షియం నుంచి వేరుచేసి రంగులో చూపిస్తుంది. 2015 నాటి అంతర్జాతీయ గౌట్ ప్రమాణాల్లో దీనికీ చోటు దొరికింది. ఇదీ ఒక్కోసారి పొరబడుతుంది కాబట్టి వైద్యుడు రోగి కథ కూడా వినాలి. ఇదివరకు బొటనవేలు వాచిందా? చెవి అంచున, మోచేతి వద్ద గడ్డలున్నాయా? మూత్రపిండాల జబ్బుందా? రక్తపరీక్ష ఒక్కటే చాలదు. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు యూరిక్ ఆమ్లం మామూలుగానే కనిపించవచ్చు. అది ఎక్కువగా ఉన్నవారందరికీ గౌట్ రాదు కూడా.

గుర్తిస్తే చికిత్స ఉంది. యూరిక్ ఆమ్లం తయారీని తగ్గించే అల్లోప్యూరినాల్ వెనుక ఉన్న గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మందులతో గడ్డలు క్రమంగా కరుగుతాయి. నరాలు నొక్కుకుపోతే శస్త్రచికిత్స కావాలి. నడుంనొప్పితోపాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం అదుపు తప్పినా ఆలస్యం చేయకూడదు. మీ ఇంట్లో గౌట్ ఉన్న పెద్దవారెవరైనా నడుంనొప్పితో ఆసుపత్రికి వెళితే, పాత బొటనవేలి వాపు సంగతి కూడా వైద్యుడికి చెప్పమనండి. ఆ ఒక్క మాట సరైన పరీక్షకు దారి చూపవచ్చు.