చదువుకు తలకెంత?

1910 మార్చి 18. కలకత్తాలో వైస్రాయి శాసనమండలి. గోపాలకృష్ణ గోఖలే లేచి దేశదేశాల లెక్కలు చదివి వినిపించారు. ప్రాథమిక విద్యకు ఏ ప్రభుత్వం జనాభాలో తలకు ఎంత ఖర్చు పెడుతోందన్నదే ఆ లెక్క. అమెరికాలో 16 షిల్లింగులు. ఇంగ్లండులో 10. జపానులో 1 షిల్లింగు 2 పెన్నీలు. మన దేశంలో తలకు ఒక్క పెన్నీ. షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే మనల్ని ఏలిన ఇంగ్లండు తన ప్రజలకు పెట్టినదాంట్లో మనకు దక్కింది 120వ వంతు. మరుసటి ఏడాది ఆయన నిర్బంధ విద్య బిల్లు పెట్టారు. 1912లో 38 మంది కాదన్నారు, 13 మంది ఔనన్నారు. బిల్లు వీగిపోయింది.

జపాను అప్పటికి ధనిక దేశమేమీ కాదు. 1872లో అందరికీ బడి అంది గాని, ఖర్చును ఊళ్ల మీదే మోపింది. ఫీజు కట్టలేని రైతులు కొన్నిచోట్ల బళ్లు తగలబెట్టారు. 1873లో బడిలో చేరిన పిల్లలు నూటికి 28 మందే. పోనుపోను ప్రభుత్వం భారాన్ని తాను ఎత్తుకుంది. 1900లో ఫీజు తీసేసింది. 1905 నాటికి నూటికి 90 మందికి పైగా బడిలో చేరారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన కొఠారీ కమిషన్ 1966లో జాతీయాదాయంలో 6 శాతం చదువుకు ఇవ్వాలంది. 1968, 1986, 2020 విద్యా విధానాలు మూడూ అదే మాట చెప్పాయి. ఆ 6 శాతం నేటికీ రాలేదు.

అయితే మన ఆదివాసులకు ఎంత అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. దేనికి అన్నది కూడా అడగాలి. కెనడా ప్రభుత్వం నూరేళ్లకు పైగా ఆదివాసీ పిల్లల హాస్టల్ బళ్లకు డబ్బిచ్చింది. లక్షన్నర మంది పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి, సొంత భాష మాట్లాడితే దండించారు. ఎందరో పిల్లలు ఆ బళ్లలోనే చనిపోయారు. 2008లో ఆ ప్రభుత్వమే పార్లమెంటులో క్షమాపణ చెప్పింది. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో తమ భాషలో పసిపిల్లల బళ్లు తామే మొదలుపెట్టారు. 1989లో చట్టం మావోరీ భాషా పాఠశాలలను గుర్తించింది. అవి ప్రభుత్వ బళ్లయ్యాయి. ఒకచోట సర్కారు సొమ్ము భాషను చంపింది, ఇంకోచోట బతికించింది.

గోఖలే అడిగిన నూరేళ్లకు, 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలని అందులో ఉంది. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ ఉంది. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. నిధులకు ఆ ప్రణాళికే ఆధారం.

కనుక చదువుకున్న యువకులారా, ఉపాధ్యాయులారా, మీ గూడెం కమిటీ సమావేశానికి వెళ్లండి. చదువురాని తల్లిదండ్రుల పక్కన కూర్చుని ఆ కాగితం చదివి వినిపించండి. బడికి ఎంత వచ్చింది, దేనికి పోయింది, కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లకు అందులో ఏముంది? గోఖలే శాసనమండలిలో అడిగినట్టే మనం గూడెంలో అడుగుదాం.