కోవిడ్ కాలంలో కళాశాల క్రీడలు: కోయిలకుంట్ల, కర్నూలు–కడప ప్రాంతం

కోవిడ్-19 కారణంగా 2020-21 విద్యాసంవత్సరంలో దేశంలో అంతర్ విశ్వవిద్యాలయ క్రీడాపోటీలు జరగలేదు. రాయలసీమ మెట్టప్రాంతపు డిగ్రీ విద్యార్థుల మీద దాని దెబ్బ ఆ ఒక్క ఏడాదితో పోలేదు. కుందూ లోయ నల్లరేగడి నేలల్లో, శనగ, జొన్న చేల నడుమ ఉన్న కోయిలకుంట్ల అప్పట్లో కర్నూలు జిల్లా మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఇక్కడి ప్రభుత్వ డిగ్రీ కళాశాల కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తుంది. పక్కనున్న కడప జిల్లా కళాశాలలకు యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. మొదటిది 2008లో, రెండోది 2006లో ఏర్పడ్డాయి. రెండూ వయసులో చిన్నవే.

పోటీల అంచెలు

డిగ్రీ కళాశాల జట్టులో చోటు దొరికిన విద్యార్థి మొదట అంతర్ కళాశాల పోటీల్లో ఆడాలి. అక్కడ సెలక్షన్స్‌లో నెగ్గితే విశ్వవిద్యాలయం జట్టులోకి వస్తాడు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు వెళుతుంది, అందులో ముందు వరుసలో నిలిచినవి అఖిల భారత పోటీలకు వెళతాయి. ఈ మండల, అఖిల భారత పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన ఈ సంస్థ 1973లో ఇప్పటి పేరు పెట్టుకుంది. క్రికెట్‌లో దీని రోహింటన్ బారియా ట్రోఫీ 1935 నుంచీ ఉన్న పాత పోటీ.

కోయిలకుంట్ల లాంటి చోట కళాశాల ఆట అంటే కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, పరుగుపందేలు. వీటికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నేల చదునుగా ఉంటే చాలు. ఫుట్‌బాల్‌కు సీమలో గట్టి పట్టు ఉన్నది అనంతపురంలో. అక్కడ గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్‌డీటీ) క్రీడాగ్రామం పల్లె పిల్లలను ఆ ఆటలోకి తెచ్చింది. కడపలో ప్రభుత్వ క్రీడాపాఠశాల ఉంది. ఈ రెండింటికీ దూరంగా ఉన్న మండల కేంద్రాల్లో మొత్తం భారం పడేది పీడీ మీద, అంటే కళాశాల వ్యాయామ అధ్యాపకుడి మీద.

2020: ఆట ఆగిన క్రమం

దేశంలో మొదటి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు భువనేశ్వర్‌లో 2020 ఫిబ్రవరి 22న మొదలై మార్చి 1న ముగిశాయి. విశ్వవిద్యాలయ క్రీడాకారుడికి అంతకుముందెన్నడూ అంత పెద్ద వేదిక దక్కలేదు. సరిగ్గా 24 రోజులకు, మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది.

కర్నూలు జిల్లాలో తొలి కోవిడ్ కేసు మార్చి 28న బయటపడింది. అది కోయిలకుంట్లకు పొరుగునే ఉన్న సంజామల మండలం నొస్సంలో. ఏప్రిల్‌లో కర్నూలు రాష్ట్రంలోనే ఎక్కువ కేసులున్న జిల్లాల్లో చేరింది, మే మొదట్లో కేంద్రం ఇచ్చిన జాబితాలో రెడ్ జోన్‌గా నిలిచింది. ఆర్టీసీ బస్సులు మళ్లీ కదిలింది మే 21న. పల్లె నుంచి కళాశాలకు బస్సులోనే వచ్చే విద్యార్థికి బస్సు లేదంటే చదువూ లేదు, గ్రౌండూ లేదు.

ప్రేక్షకులు లేకుండా క్రీడా సముదాయాలు, స్టేడియాలు తెరుచుకోవచ్చని కేంద్ర హోంశాఖ మే 17నే చెప్పింది. నగరాల్లో కొందరిని అది ఆదుకుంది. కోయిలకుంట్ల విద్యార్థికి స్టేడియం కళాశాల గ్రౌండే. కళాశాల మూతపడి ఉంటే దాని గేటుకూ తాళమే. ఆంధ్రప్రదేశ్‌లో కళాశాలలు దశలవారీగా తెరవడం నవంబరు 2న మొదలైంది. మామూలు ఏడాదిలో సెలక్షన్స్ ముమ్మరంగా సాగే కాలం అది. ఆ ఏడాది మాత్రం పోగొట్టుకున్న పాఠాలు, వాయిదాపడిన పరీక్షలు ముందుకొచ్చాయి. ఆట అందరికంటే వెనకవరుసలో నిలబడాల్సి వచ్చింది.

కూత కష్టం

మహమ్మారి అన్ని ఆటలనూ ఒకేలా దెబ్బతీయలేదు. భారత క్రీడా ప్రాధికార సంస్థ 2020 మేలో ఇచ్చిన మార్గదర్శకాలు ఆటలను ఒళ్లు తగిలేవి, తగలనివి అని విడదీశాయి. ఒంటరిగా పరుగెత్తేవాడు పొద్దున్నే పొలం గట్ల మీద సాధన చేసుకోగలిగాడు. వాలీబాల్‌కు నడుమ వల ఉంది, చేతులు మారే బంతి ఒక్కటే భయం. కబడ్డీకి ఆ వెసులుబాటు లేదు. కూతకు వెళ్లినవాడు 30 సెకన్ల లోపు వెనక్కి వచ్చేదాకా కబడ్డీ, కబడ్డీ అని బిగ్గరగా అంటూనే ఉండాలి. ఎదుటి జట్టువాళ్లు చేయీ చేయీ పట్టుకుని గొలుసుకడతారు, పట్టు దొరికితే ఐదారుగురు ఒకేసారి మీద పడతారు. శ్వాస ద్వారా పాకే జబ్బుకు ఇంతకంటే అనువైన ఆట ఉండదు. మాస్కు కట్టుకుంటే కూత బయటికి రాదు, ఊపిరీ అందదు. మా చెడుగుడుకు ఊపిరే ప్రాణమైనప్పుడు దాన్ని దూరం నుంచి ఆడమనడం కుదిరే పని కాదు.

ప్రొ కబడ్డీ లీగ్‌కే ఆ ఏడాది సీజన్ లేకపోయింది. ఎనిమిదో సీజన్ 2021 డిసెంబరు 22న బెంగళూరులో, అన్ని జట్లనూ ఒకేచోట కట్టడి చేసి, ప్రేక్షకులు లేకుండా మొదలైంది. అంత ఖర్చు పెట్టే స్తోమత ఏ డిగ్రీ కళాశాలకూ లేదు.

ఏడాది విలువ

2018లో డిగ్రీలో చేరిన విద్యార్థికి 2020-21 చివరి ఏడాది. రెండేళ్లు సాధన చేసి, జట్టులో పెద్దవాడై, ఈసారి తప్పక ఎంపికవుతానని నమ్మిన ఏడాది అది. 2019లో చేరినవారికి రెండో ఏడాది పోయింది. 2020లో చేరినవారు తొలి ఏడాదంతా తోటి ఆటగాళ్ల ముఖం కూడా సరిగా చూడలేదు. ముగ్గురిలో ఎక్కువ నష్టపోయింది మొదటివాడే. మిగిలిన ఇద్దరికీ కనీసం ఇంకో సీజన్ మిగిలింది.

ఆ నష్టం పతకానికి సంబంధించింది మాత్రమే అనుకుంటే పొరపాటు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో క్రీడా కోటాకు అర్హత చూపే దారుల్లో ఒకటి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయం తరఫున ఆడినట్టు ఫారం-3లో ఇచ్చే ధ్రువపత్రం. ఈ ఏర్పాటు 1980 నాటి ఉత్తర్వుల నుంచీ ఉంది. అలాంటి కొలువు కోరే పల్లె యువకుడికి సర్టిఫికెట్ అంటే ఇదే. ఇంట్లోవాళ్లను ఒప్పించి ట్రాక్‌సూట్ తొడుక్కుని బయటికొచ్చిన అమ్మాయికి అది ఇంకా ఎక్కువ. ఆట వల్ల ఏమొచ్చిందని అడిగేవాళ్లకు ఆమె చూపగలిగిన జవాబు ఆ కాగితం. పోటీ జరగని ఏడాదికి ఫారం-3 పుట్టదు.

అమెరికా ఏం చేసింది

ఇలా పోయిన ఏడాదిని అమెరికా మరోలా లెక్కగట్టింది. అక్కడి కళాశాల ఫుట్‌బాల్, అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి పరుగెత్తే ఆట, కాన్ఫరెన్సుల చేతుల్లో ఉంటుంది. విశ్వవిద్యాలయాలు కూటములుగా చేరి పోటీలు నడుపుకుంటాయి, టీవీ ఒప్పందాల సొమ్ము పంచుకుంటాయి. అందుకే 2020లో ఒక్కో కూటమి ఒక్కో దారి పట్టింది. ఐవీ లీగ్ జులై 8నే శరదృతువు ఆటలు మానుకుంది. బిగ్ టెన్, ప్యాక్-12 ఆగస్టు 11న వాయిదా వేశాయి, సెప్టెంబరులో మనసు మార్చుకున్నాయి. ఎస్ఈసీ, ఏసీసీ, బిగ్ 12 ఆడతామనే నిలిచాయి.

అక్కడి క్రీడాకారులు నోరు విప్పారు. ప్యాక్-12 ఆటగాళ్లు కొందరు ఆరోగ్య భద్రతకు హామీ ఇవ్వకపోతే ఆడమన్నారు. క్లెమ్సన్ విశ్వవిద్యాలయం ఆటగాడు ట్రెవర్ లారెన్స్ తదితరులు మేం ఆడతాం, అందరికీ ఒకే భద్రతా నియమాలు పెట్టండి అన్నారు. రెండు గొంతులూ చివరికి కలిశాయి, ఆటగాళ్లకు సంఘం ఉండాలన్న మాట దగ్గర. ఆ ఏడాది శరదృతువు ఆటగాళ్లకు కళాశాల జట్టులో ఆడగల అర్హతకాలం తరగదని అక్కడి కళాశాల క్రీడల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఆగస్టు 21న ప్రకటించింది. ఆ సీజన్ 2021 జనవరి 11న ముగిసింది, తుదిపోరులో అలబామా 52–24తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది.

అక్కడి డబ్బు, టీవీ హంగులు మనకు పోలిక కావు. పోల్చదగింది ఆటగాడి మాటకు దక్కిన చోటు, పోయిన ఏడాదిని లెక్కగట్టి తిరిగి ఇచ్చిన తీరు.

మళ్లీ మైదానంలోకి

2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చింది. మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు 2021-22లో తిరిగి మొదలయ్యాయి. ఖేలో ఇండియా రెండో విశ్వవిద్యాలయ క్రీడలు రెండేళ్లు దాటాక, 2022 ఏప్రిల్ 24 నుంచి మే 3 వరకు బెంగళూరులో జరిగాయి. 2021లో చైనాలోని చెంగ్డులో జరగాల్సిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు 2023 జులై 28న గానీ మొదలుకాలేదు.

2020-21లో మా ప్రాంతం నుంచి ఆడాల్సినవారి పేర్లు ఏ విజేతల పట్టికలోనూ కనిపించవు. అంతకు ముందటి ఏడాది జట్ల జాబితాలు, హాజరు పుస్తకాలు కళాశాలల వ్యాయామ విభాగాల్లో ఉండవచ్చు. వ్యాయామ అధ్యాపకులు వాటిని చెత్తకు వేయకుండా భద్రపరచాలని, ఆ ఏడాది చివరి సంవత్సరం చదివిన ఆటగాళ్ల పేర్లు కళాశాల క్రీడా దస్త్రాల్లో ఎక్కించాలని మనవి.