ప్రోపోలిస్

ప్రోపోలిస్ అనేది తేనెటీగలు చెట్ల మొగ్గలనుండి, బెరడు పగుళ్ళనుండి సేకరించిన జిగురును తమ మైనముతో కలిపి తయారుచేసుకొనే బంకవంటి పదార్థము. ఇది తేనె కాదు, మైనమూ కాదు, ఈగలకు ఆహారమూ కాదు. పట్టులోని పగుళ్ళను పూడ్చుటకు, సూక్ష్మజీవులను అదుపులో ఉంచుటకు ఈగలు దీనిని వాడతాయి. వాపును తగ్గించే గుణము, రోగనిరోధక వ్యవస్థపై ప్రభావము దీనికి ఉన్నాయని ప్రయోగశాల పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే మనుషులలో లభించిన ఆధారాలు ఇంకా పరిమితమైనవే.

పేరు, చరిత్ర

గ్రీకు భాషలో "ప్రో" అనగా ముందు, "పోలిస్" అనగా నగరము. పట్టు ద్వారమువద్ద ఈగలు ఈ బంకను పూసి దారిని ఇరుకు చేయుటవలన ఈ పేరు వచ్చినది. ప్రాచీన గ్రీకు, రోమను రచయితలకు ఇది తెలుసు. అరిస్టాటిల్, ప్లినీ, డయాస్కొరిడీస్ దీనిని ప్రస్తావించారు.

తయారీ

కూలీ ఈగలు చెట్టు జిగురును దవడలతో గీకి, వెనుక కాళ్ళపై ఉన్న పుప్పొడి బుట్టలలో పెట్టుకొని తెస్తాయి. పట్టులోని ఇతర ఈగలు ఆ ముద్దలను లాగి, మైనము చేర్చి, గోడలకు పూస్తాయి. పట్టులోకి చొరబడి చనిపోయిన ఎలుకవంటి జంతువును బయటకు లాగలేనప్పుడు, అది కుళ్ళకుండా దానిపై ప్రోపోలిస్ కప్పివేస్తాయి.

తేనెటీగలన్నీ దీనిని సేకరించవు. ఐరోపా తేనెటీగ (ఏపిస్ మెల్లిఫెరా) ఎక్కువగా సేకరిస్తుంది. భారతదేశపు పెంపుడు ఈగ (ఏపిస్ సెరానా) మైనముతోనే సరిపెట్టుకొంటుంది. ఐరోపా ఈగల పెంపకము భారతదేశములో 1960వ దశకములో స్థిరపడినది.

రసాయన స్వభావము

స్థూలముగా ప్రోపోలిస్‌లో సగము వరకు చెట్ల జిగురు, సుమారు 30 శాతము మైనము, 10 శాతము సుగంధ తైలాలు, 5 శాతము పుప్పొడి ఉంటాయి. చలిలో ఇది గట్టిపడి పెళుసుగా మారుతుంది, వేడికి మెత్తబడి జిగురుగా అవుతుంది. నీటిలో సరిగా కరగదు కనుక సాధారణముగా ఆల్కహాలులో నానబెట్టి సారము తీస్తారు.

దీని గుణములు అది ఏ చెట్టునుండి వచ్చినదన్న దానిపై ఆధారపడతాయి. ఐరోపాలో ముఖ్య వనరు పాప్లర్ చెట్టు మొగ్గలు. ఈ రకములో పినోసెంబ్రిన్, గలాంజిన్, క్రైసిన్ వంటి ఫ్లావనాయిడ్లు, కెఫిక్ ఆమ్లపు ఎస్టర్లు ఉంటాయి. బ్రెజిల్ దేశపు ఆకుపచ్చ ప్రోపోలిస్ బకారిస్ అనే పొదనుండి వస్తుంది. అందులో ముఖ్యమైనది ఆర్టిపిల్లిన్-సి. కావున ఒక రకముపై జరిగిన పరిశోధన ఫలితము మరొక రకమునకు వర్తిస్తుందని చెప్పలేము.

వాపుపై ప్రభావము

దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు ప్రవేశించినా శరీరములో ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలుగుతాయి. కణాలలో ఈ చర్యను నడిపించే ముఖ్యమైన ప్రొటీనులలో న్యూక్లియర్ ఫ్యాక్టర్ కప్పా-బి ఒకటి. పాప్లర్ రకములోని కెఫిక్ ఆమ్ల ఫినెథైల్ ఎస్టర్ ఈ ప్రొటీనును అడ్డుకొంటుందని 1996లో ప్రచురితమైన పరిశోధన చూపినది. ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైయీన్లు అనే వాపుకారక పదార్థాల ఉత్పత్తి తగ్గుతుందని కూడా కణాలపై జరిగిన ప్రయోగాలలో గమనించారు. ఆర్టిపిల్లిన్-సి ఎలుకలలో వాపును తగ్గించినది.

రోగనిరోధక వ్యవస్థపై ప్రభావము

ప్రోపోలిస్ "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని ప్రచారములో తరచుగా కనిపిస్తుంది. వాస్తవము ఇంత సూటిగా లేదు. కొన్ని జంతు ప్రయోగాలలో భక్షక కణాల చురుకుదనము, ప్రతిరక్షకాల ఉత్పత్తి పెరిగాయి. మరికొన్ని ప్రయోగాలలో ప్రోపోలిస్‌లోని పదార్థాలు టి-కణాల వృద్ధిని అణచివేశాయి. అనగా ఇది వ్యవస్థను కేవలము పెంచేది కాదు, మోతాదును, పరిస్థితిని బట్టి మార్చేది.

తేనెటీగలలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనములో, పెట్టె లోపల చెట్ల జిగురు సారము పూసినప్పుడు ఈగలలో రోగనిరోధక జన్యువుల చురుకుదనము పెరగలేదు, తగ్గినది. పట్టులో బాక్టీరియా తగ్గుటవలన ఈగలు రక్షణకై అంత శక్తిని వెచ్చించవలసిన అవసరము లేకపోయినదని పరిశోధకులు వివరించారు.

మనుషులపై పరిశోధనలు

మధుమేహ రోగులపై జరిగిన చిన్న పరీక్షలను కలిపి చూసిన కొన్ని విశ్లేషణలలో, రక్తములో వాపును సూచించే సి-రియాక్టివ్ ప్రొటీను కొంత తగ్గినట్లు తేలినది. బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన 124 మంది కోవిడ్ రోగులపై జరిగిన పరీక్ష 2021లో ప్రచురితమైనది. సాధారణ చికిత్సతోపాటు ఆకుపచ్చ ప్రోపోలిస్ తీసుకొన్నవారు ఆసుపత్రిలో తక్కువ రోజులు ఉన్నారు. కాని ఆక్సిజన్ అవసరములో గణనీయమైన తేడా కనిపించలేదు. పైగా ఎవరికి ప్రోపోలిస్ ఇస్తున్నదీ రోగులకు, వైద్యులకు తెలుసు కనుక ఈ ఫలితాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2010లో ప్రోపోలిస్‌కు సంబంధించిన ఆరోగ్య ప్రకటనలను పరిశీలించి, కార్యకారణ సంబంధము నిరూపితము కాలేదని తేల్చినది. పదార్థము స్పష్టముగా నిర్వచింపబడకపోవుట ఇందుకు ముఖ్య కారణము.

జాగ్రత్తలు

ప్రోపోలిస్ చర్మానికి అలెర్జీ కలిగించగలదు. తేనెటీగల పెంపకందారులలో చేతులపై దద్దుర్లు రావడము చాలాకాలంగా తెలిసినదే. చప్పరించే బిళ్ళలవలన నోటిలో పుండ్లు పడిన సందర్భాలూ ఉన్నాయి. వాపును తగ్గించే కెఫిక్ ఆమ్ల ఎస్టర్లే అలెర్జీకి కూడా ముఖ్య కారకాలు కావడము గమనార్హము. తేనెటీగల ఉత్పత్తులు పడనివారు, ఉబ్బసము ఉన్నవారు, గర్భిణులు, రక్తము గడ్డకట్టకుండా మందులు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా దీనిని తీసుకోరాదు. వైద్యుడు సూచించిన మందులకు ఇది ప్రత్యామ్నాయము కాదు.