తువ్వాలు వేసిన సీటు

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్న వాళ్ళు మనలో చాలామందే ఉంటారు. నా మాస్టర్స్ థీసిస్ అంతా ఆ తువ్వాలు గురించే అంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

1999లో జోసెఫ్ మిటోలా, గెరాల్డ్ మగ్వైర్ కలిసి రాసిన ఒక వ్యాసం "కాగ్నిటివ్ రేడియో" అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది. చుట్టూ ఏం జరుగుతోందో తనే కనిపెట్టి, దాన్నిబట్టి మసలుకునే రేడియో అన్నమాట. అమెరికాలో టీవీ చానళ్ళకి కేటాయించిన తరంగాలు చాలా ఊళ్ళలో ఖాళీగా పడి ఉన్నాయి. రైల్లో రిజర్వేషన్ ఉన్నాయన కాజీపేటలో ఎక్కేదాకా ఆ బెర్తు మీద మనం కూర్చోమూ? అలాగే వాటినీ వాడుకుందామన్నారు. ఆయన రాగానే లేవాలి, అదొక్కటే షరతు. 2004లో ఐ.ఇ.ఇ.ఇ. ఇందుకోసమే 802.22 అనే బృందాన్ని పెట్టింది.

మరి ఆయన వచ్చాడని తెలిసేదెలా? 2008 నవంబరులో ఎఫ్.సి.సి. మైనస్ 114 డి.బి.ఎం. దాకా వినగలగాలంది. మిల్లీవాటుని 25 వేల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్కటి! మధ్యలో ఓ భవనం అడ్డొస్తే అదీ వినపడదు. అందుకని ఒక్క రేడియో మాట నమ్మకుండా, పదిమందినీ అడిగి తేల్చుకునే పద్ధతి వచ్చింది.

పదిమందిని అడిగితే అబద్ధాలూ వస్తాయిగా. 2006కల్లా వర్జీనియా టెక్ పరిశోధకులు ఈ సంగతి ఎత్తి చూపారు. ఒక రకం మోసగాడు టీవీ సిగ్నల్ లాంటిదే తను పంపి అందర్నీ లేపేస్తాడు. తువ్వాలు వేయడం ఇదే. రెండో రకం పక్క సీటాయన. "ఎవరో ఉన్నారండీ, టీకి దిగారు" అంటాడు. ఒక్కరు "ఉంది" అన్నా నమ్మాలనే నియమం పెట్టుకుంటే ఒకే ఒక్క అబద్ధాలకోరు అందర్నీ ఆపేస్తాడు. పోనీ మెజారిటీ మాట విందామా అంటే, అక్కడే నేను దెబ్బతిన్నాను.

2012లో నా సిమ్యులేషన్‌లో 20 రేడియోలు. అందరితో విభేదించేవాడికి మార్కులు తగ్గించుకుంటూ పోయి చివరికి వెలివేసే ప్రోగ్రాం రాశాను. అది 13వ రేడియోని వెలివేసింది. తీరా చూస్తే మిగతావన్నీ కొండ చాటున ఉన్నాయి, సిగ్నల్ నిజంగా విన్నది అదొక్కటే! ఆ గ్రాఫు తీసేద్దామనుకున్నాను. మా గైడు ఒప్పుకోలేదు, మొదటి పేజీలోనే పెట్టమన్నారు.

అసలు నేను చేరేనాటికే, 2010 సెప్టెంబరులో, డేటాబేస్ చూసుకునే పరికరాలు వినక్కర్లేదని ఎఫ్.సి.సి. అనేసింది. ఎక్కడున్నావో చెప్పు, ఖాళీ చానల్ చెబుతాం అన్నారు. అబద్ధం పోయిందా? 2015లో టీవీ స్టేషన్ల సంఘం ఆ డేటాబేసులోనే తప్పుడు చిరునామాలున్నాయని ఫిర్యాదు చేసింది.

అదే ఏడాది వినడం మళ్ళీ వచ్చింది, 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ మధ్య. అక్కడ అసలు హక్కుదారుల్లో నౌకాదళం రాడార్లున్నాయి. తీరం వెంబడి సెన్సర్లు పెట్టి వింటారు, ఓడ వస్తే మిగతావాళ్ళు తప్పుకోవాలి. కాకపోతే ఈసారి వినే పని ఎవరు పడితే వాళ్ళకివ్వలేదు, ఎఫ్.సి.సి. ఆమోదించిన సంస్థలకే ఇచ్చారు. ఆ సెన్సర్లలోనూ ఒకటి మిగతావాటితో విభేదిస్తే ఏం చేస్తారోనని, సముద్రం ఒడ్డుకి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ 13వది గుర్తొస్తుంది.