చీటీ ఇచ్చి మరిచిపో!

టిఫిన్ హోటళ్లు రెండు రకాలు. ఒకదాంట్లో మనం కూర్చోగానే సర్వరు వచ్చి, రెండిడ్లీ ఒక పెసరట్టు అని విని మనసులో పెట్టుకుని పోతాడు. రద్దీ పెరిగితే తలలో బల్లలన్నీ కలిసిపోయి, ఎవరి పెసరట్టో ఎవరి ముందుకో వస్తుంది. రెండోదాంట్లో గల్లాపెట్టె దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకుంటాం. అది చూపిస్తే పెనం దగ్గరి మనిషి అట్టు ఇస్తాడు. మన మొహం ఎవరికీ గుర్తుండనక్కర్లేదు. గుర్తుంచుకునే బరువు చీటీగా మారి మన చేతికే వచ్చేసింది.

కంప్యూటర్ సర్వర్లు ఈ చీటీ పద్ధతి నేర్చుకున్నది 1996లో. దాని పేరు సిన్ కుకీ.

ఇంటర్నెట్‌లో రెండు యంత్రాలు మాట్లాడుకోవడానికి టీసీపీ అనే ఒప్పందం ఉంది. దాని నియమాలు 1981 సెప్టెంబరులో ఆర్ఎఫ్‌సీ 793 అనే పత్రంగా వెలువడ్డాయి. సంభాషణ మూడు పలకరింపులతో మొదలవుతుంది. మన యంత్రం ‘వింటున్నావా?’ అంటుంది. అది సిన్. సర్వరు ‘వింటున్నా, నా మాట నీకు చేరిందా?’ అంటుంది. అది సిన్-అక్. మనం ‘చేరింది’ అంటే అక్. అప్పుడే అసలు కబుర్లు మొదలు.

చిక్కంతా రెండో పలకరింపుకీ మూడోదానికీ మధ్య ఉంది. జవాబు చెప్పిన సర్వరు ఫలానావాడు పిలిచాడని తన పద్దులో రాసుకుని కూర్చునేది. అవతలివాడు పలక్కపోతే మళ్లీ మళ్లీ పిలిచి చూసి, చాలా యంత్రాల్లో 75 సెకన్ల దాకా ఆగేది. ఆ పద్దులో చోటు చాలా తక్కువ. అబద్ధపు చిరునామా వేసి సిన్‌లు పంపితే చాలు, జవాబు ఎవరూ లేని ఇంటికి పోతుంది. అక్కడ నిజంగా యంత్రమంటూ ఉంటే ‘నేను పిలవలేదే’ అని చెప్పి పద్దు కొట్టేయిస్తుంది. అందుకే కొంటెవాళ్లు ఖాళీ ఇళ్ల చిరునామాలే వెతికేవారు. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేయడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ ఫోన్ అందుకున్నవాడు నిమిషం పైగా రిసీవర్ చెవికి పెట్టుకుని నిలబడిపోతాడు. ఇంట్లో టెలిఫోన్ లైనుకు తగిలించిన మోడెమ్‌తోనే పెద్ద సర్వర్‌ని మూయించగలిగేవారు.

ఈ బలహీనత 1994 నాటికే ఇద్దరికి తెలుసు. ఏటీ అండ్ టీ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే బిల్ చెస్విక్, స్టీవ్ బెలోవిన్ ఫైర్‌వాల్‌ల మీద రాస్తున్న పుస్తకంలో దీని గురించి ఒక పేరా పెట్టి, తర్వాత తీసేశారు. విరుగుడు లేని రోగం గురించి చాటింపు వేయడమెందుకన్న సంకోచం అర్థం కానిదేమీ కాదు. కానీ ఆ మౌనం వల్ల దొరికిన రెండేళ్లలో మందు కనిపెట్టినవాళ్లూ లేరు. నన్నడిగితే ఆ పేరా ఉంచాల్సింది.

1996లో హ్యాకర్ల పత్రిక ఫ్రాక్ ఈ దాడిని వివరించి, చేసే ప్రోగ్రామ్‌ను కూడా అచ్చేసింది. సెప్టెంబరు 6న, శుక్రవారం, న్యూయార్క్‌లో పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద సిన్‌ల వరద మొదలైంది. 1989 నుంచి నడుస్తున్న పాత సంస్థ అది. చిరునామాలన్నీ దొంగవి కావడంతో పంపేదెవరో పట్టుకునే దారి లేదు. సెప్టెంబరు 19న కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. పద్దుపుస్తకం పెద్దది చేయండి, ఎదురుచూసే సమయం తగ్గించండి లాంటి సలహాలు వచ్చాయి. అవన్నీ కారే కప్పు కింద ఇంకాస్త పెద్ద గిన్నె పెట్టడమే.

అసలు పద్దే రాయకపోతేనో? ఈ ఆలోచన అదే సెప్టెంబరులో డానియల్ బెర్న్‌స్టీన్‌కు వచ్చింది. అప్పట్లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే మనిషి. రహస్య లిపి ప్రోగ్రామ్‌లు ప్రచురించుకునే హక్కు కోసం అప్పటికే అమెరికా ప్రభుత్వం మీద కోర్టులో పోరాడుతున్నాడు. ఎరిక్ షెంక్‌తో కలిసి తర్వాతి వారాల్లో దీని వివరాలు తేల్చాడు.

కిటుకు ఇది. జవాబు చెప్పేటప్పుడు సర్వరు 32 బిట్ల వరస సంఖ్య ఒకటి ఎలాగూ పంపాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నది దాని ఇష్టం. ఏదో ఒక అంకె వేసే బదులు అందులో చీటీ దాచొచ్చు కదా! 5 బిట్లలో సమయం, ప్రతి 64 సెకన్లకు ఒక అంకె చొప్పున. 3 బిట్లలో ప్యాకెట్ ఎంత పెద్దది ఉండొచ్చన్న సంగతి. మిగిలిన 24 బిట్లలో సర్వరుకు మాత్రమే తెలిసిన రహస్యాన్ని పిలిచినవాడి చిరునామాతో కలిపి చేసిన లెక్క, అంటే చీటీ మీద హోటలువాడి ముద్ర. అది పంపేసి సర్వరు అంతా మరిచిపోతుంది. నిజంగా ఉన్నవాడైతే మూడో పలకరింపులో ఆ సంఖ్యకు ఒకటి కలిపి తిప్పి పంపుతాడు. ఒకటి తీసేసి, మళ్లీ లెక్క కట్టి, ముద్ర సరిపోతే అప్పుడు కనెక్షన్ పద్దు తెరుస్తుంది. దొంగ చిరునామావాడికి చీటీ చేరదు, కాబట్టి వాడు తిప్పి పంపేదీ ఉండదు.

1996 అక్టోబరులో సన్ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, 1997 ఫిబ్రవరిలో లినక్స్‌కు ఈ చీటీలు వచ్చాయి. వెల లేకపోలేదు. 3 బిట్లలో ప్యాకెట్ కొలతలు ఎనిమిదే పడతాయి. కనెక్షన్‌ను వేగంగా నడిపే కొన్ని ఏర్పాట్లకు ఆ చిన్న చీటీలో చోటే లేదు. అందుకే లినక్స్ రోజూ పద్దు రాస్తూనే ఉండి, అది నిండినప్పుడు మాత్రమే చీటీలకు దిగుతుంది.

పద్దు నిండకుండా కుకీ కాపాడగలదు గానీ, హోటల్ ముందు రోడ్డే కిక్కిరిసిపోతే చీటీకి విలువేముంది? 2000 ఫిబ్రవరిలో మాంట్రియల్ కుర్రాడొకడు, పదిహేనేళ్లవాడు, యాహూను, ఆ తర్వాత ఈబే, అమెజాన్ లాంటివాటిని గంటల తరబడి కదలనివ్వలేదు. 2016 అక్టోబరు 21న మిరాయ్ వైరస్ సోకిన నిఘా కెమెరాలు, రౌటర్లు వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డిన్ అనే సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. 2018 ఫిబ్రవరి 28న గిట్‌హబ్ మీదికి సెకనుకు 1.35 టెరాబిట్ల ప్రవాహం వచ్చింది. ఇలాంటివాటిని ఒక్క యంత్రం ఆపలేదు. ఊరూరా సర్వర్లున్న పెద్ద నెట్‌వర్క్‌లు వరదను పంచుకుని వడకట్టాలి. అది వేరే కథ.

చీటీ మాత్రం తన మూలన తాను పనిచేస్తూనే ఉంది. లినక్స్ సర్వర్‌లో పద్దు నిండినప్పుడు లాగ్‌లో ఒక వాక్యం పడుతుంది: ఫలానా పోర్టు మీద సిన్ వరద ‘కావచ్చు’, కుకీలు పంపుతున్నాను అని. అందులో నాకు నచ్చినది ఆ ‘కావచ్చు’. ఇంటర్ ఫలితాలు వదిలిన నిమిషంలో లక్షల ఇళ్లలో హాల్ టికెట్ నంబరు కొట్టి వేళ్లు బిగించి కూర్చున్నప్పుడు కూడా సర్వరు లాగ్‌లో పడేది ఆ వాక్యమే.